కొలత తప్పని గీత

కోరినదొకటి, దొరికినదొకటి అయినప్పుడు దొరికినదాని విలువ తెలియడానికి కొంతకాలం పడుతుంది. మేము డాక్టరు కావాలని ఇంటిల్లిపాదీ ఆశించారు. వైద్య ప్రవేశపరీక్ష రెండుసార్లు వ్రాశాము, సీటు రాలేదు. బి.ఎస్సీ.లో చేరిన తరువాత మాకు మిగిలిన పేరు ఒక్కటే: "రికార్డు బొమ్మలు చక్కగా వేస్తాడు." తోటివారి రికార్డులు సైతం మా చేతికే వచ్చేవి. ఆ మెప్పుకు పొంగిపోయిన మాట దాచనేల?

ఒకనాడు ప్రయోగశాలలో మేక గుండెను కోసి మా ముందుంచారు. దానివైపు సరిగా చూడకనే, జ్ఞాపకమున్న బొమ్మను వేసి, ఛాయలు దిద్ది, సగర్వంగా చూపాము. ఆచార్యులవారు దానిని గుండె ప్రక్కన పెట్టి, "అందంగా ఉంది బాబూ, కాని ఇది ఈ గుండె కాదు" అన్నారు. ఎడమ జఠరిక గోడ కుడిదానికంటె ఎంతో మందం. మేము రెండింటినీ సమానంగా వేశాము!

ఇంట ఈ సంగతి చెప్పగా, దర్జీ పని చేసే మా అబ్బాజాన్ కత్తెర ఆపకుండానే, "కొలత తప్పితే కుట్టెంత బాగున్నా చొక్కా ఒంటికి పట్టదు బేటా" అన్నారు.

నాటినుంచి వైద్య చిత్రకళను గురించి చదవసాగాము. 14వ శతాబ్దం చివర పారశీక దేశంలో మన్సూర్ ఇబ్న్ ఇల్యాస్ తన గ్రంథంలో ఎముకలను, నరాలను, రక్తనాళాలను వేరువేరు పటాలలో రంగులతో చూపాడు. 1858లో లండనులో వెలువడిన గ్రే శరీరనిర్మాణ గ్రంథం జగద్విఖ్యాతం. అందులోని బొమ్మలు వేసిన హెన్రీ వాన్‌డైక్ కార్టర్ పేరు ఎందరికి తెలుసు? అవయవాల పేర్లను బొమ్మలో ఆ అవయవాల మీదనే వ్రాసి, విద్యార్థి కంటికి శ్రమ తగ్గించినవాడాయన. తరువాత బొంబాయి గ్రాంటు వైద్య కళాశాలలో పాఠాలు చెప్పాడు. 1911లో మాక్స్ బ్రోడెల్ అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్‌లో ఈ విద్యకు ప్రత్యేక శాఖనే నెలకొల్పాడు.

ఛాయాచిత్రం ఉండగా బొమ్మ దేనికని కొందరడుగుతారు. శస్త్రచికిత్స వేళ కెమెరాకు నెత్తురు, దూది, పరికరాలు అన్నీ సమానమే. చిత్రకారుడు అవసరమైనదానిని నిలిపి, తక్కినదానిని తొలగిస్తాడు. అయితే తొలగించే హక్కు ముందుగా అన్నిటినీ చూచినవానికే ఉంటుంది.

ఈ దారిలో జీవనోపాధి సులభమని మేము అనబోము. శరీరశాస్త్రం, చిత్రకళ, నేటి కంప్యూటరు విద్య, ఈ మూడూ నేర్వాలి. అయినా ఈ వృత్తినే ఎంచుకొన్నాము. మిత్రులారా, మీ రికార్డులు వేయడం మాత్రం మానుకొన్నాము. మీరు చూడవలసిన గుండెను మీ బదులు మేము చూడలేము.

కమిటీ పెద్దలకు ఒక్క విన్నపం: ప్రయోగశాలలో ఒక మూల బొమ్మలు వేసుకోవడానికి ఒక బల్లా, మంచి దీపమూ ఏర్పాటు చేయించండి. మా తరువాత వచ్చేవారైనా ముందు చూచి, పిదప గీయడం నేర్చుకొంటారు.