పెళ్ళిరోజు ప్రయాణం



కిందటి నెలలో ఒక సాయంకాలం మా ఆడపడుచు కూతురు మా యింటికి వచ్చింది. పిల్లకు పెళ్ళయి పదినెలలు అవుతున్నది. మొదటి పెళ్ళిరోజుకు భార్యాభర్తలిద్దరూ వండర్‌లాకు వెళ్దామనుకుంటున్నారట. హైదరాబాదు శివార్లలో రావిర్యాల దగ్గర 2016లో తెరిచిన పెద్ద ఆటల పార్కు అది. గిర్రున తిప్పేవి, ఎత్తుకు తీసుకువెళ్ళి వదిలేసేవి, నీళ్ళలో జారేవి అన్నీ ఉన్నాయని ఫోనులో చూపించింది. టిక్కెట్టు కొనడం, గది మాట్లాడుకోవడం కూడా ఆ ఫోనులోనే. పది నిమిషాల పని.

"అంతా బాగానే ఉంది గాని అత్తయ్యా, నీళ్ళ ఆటలకు నైలాను బట్టలే వేసుకోవాలంట. మా అత్తగారితో ఈ మాట ఎలా చెప్పను?" అని దాని దిగులు.

నాకు నవ్వు వచ్చింది. ఏ కాలానికి ఆ కాలపు అత్తగారు ఉంటుంది. "మీరు మొదటి పెళ్ళిరోజుకు ఎక్కడికి వెళ్ళారు?" అని అడిగింది. నేను లోపలికి వెళ్ళి, ట్రంకుపెట్టె అడుగున ఉన్న లాంగ్ నోటుబుక్కు తీసుకువచ్చాను. అట్ట ఊడిపోయింది. ఎలుక ఒక మూల కొరికింది. అక్షరాలు మాత్రం చెక్కుచెదరలేదు.

మా వివాహం 2001 మే నెలలో జరిగింది. పెద్దలు కుదిర్చిన సంబంధం. పెళ్ళికి ముందు నేను ఆయనను చూసింది ఒకే ఒక్కసారి, అదీ తల పూర్తిగా ఎత్తకుండా. మా అత్తవారి ఊరు భీమవరానికి పది మైళ్ళు. మూడు గదుల ఇంట్లో అత్తయ్య, మావయ్య, పెళ్ళికావలసిన ఆడపడుచు, మేమిద్దరము. మావారు ఎరువుల కొట్లో గుమాస్తా. తెల్లవారి వెళ్తే రాత్రికి వచ్చేవారు. అన్నం పెట్టేటప్పుడు "ఇంకొంచెం వెయ్యనా?" అని నేను, "చాలు" అని ఆయన. మొదట్లో మా సంభాషణ అంతే. అబద్ధమెందుకు, ఈయనకు నేనంటే ఇష్టంలేదేమో అనుకొని పంపు దగ్గర ఏడ్చిన రోజులు కూడా ఉన్నవి.

ఒకనాడు పక్కింటివారి టీవీలో రామోజీ ఫిల్మ్ సిటీ చూపించారు. హైదరాబాదుకు ఇవతల, విజయవాడ రోడ్డు మీద 1996లో కట్టిన సినిమా నగరం. ప్రపంచంలోకెల్లా పెద్ద సినిమా స్టూడియో అని గిన్నిస్ పుస్తకంలోకి కూడా ఎక్కింది. దానిని కట్టించిన రామోజీరావుగారు 2024లో కాలంచేశారు. ఫిల్మ్ సిటీకి మాత్రం జనం ఇంకా వెళ్తూనే ఉన్నారు. ఆ టీవీలో తోటలు, రాజభవనాలు, రైలు లేని రైల్వే స్టేషను చూపించారు. ఆ రాత్రి డాబా మీద ఆయన తనంతట తానుగా మాట్లాడిన మొదటి మాట ఇది: "ఆ స్టేషను ఉత్తుత్తిదంట. గోడలు తడితే డొల్లగా ఉంటాయంట. నిజమేనంటావా?"

"వెళ్ళి తట్టి చూస్తేగాని తెలీదు" అన్నాను.

ఆయన నవ్వారు. ఆ నవ్వు చూడడం నాకు అదే మొదలు.

మరునాడు కొట్టునుండి ఈ నోటుబుక్కు తెచ్చారు. మొదటి పెళ్ళిరోజుకు అక్కడికి వెళ్ళాలని నిర్ణయం. ఆయన వారానికి ముప్పయి రూపాయలు, నేను జాకెట్లు కుట్టిన డబ్బులోనుండి పది రూపాయలు, బోర్న్‌విటా డబ్బాలో వేయాలి. ప్రతి శనివారము రాత్రి లెక్క రాయాలి. డబ్బా బియ్యపు గోలెం వెనక ఉండేది.

ఆ నోటుబుక్కు చదివితే ఇప్పటికీ ముచ్చటగా ఉంటుంది. ఒక పేజీలో ఆయన చూడవలసినవి, ఎదుటి పేజీలో నేను చూడవలసినవి. ఆయన పేజీలో స్టేషను, విమానాశ్రయం, "గోడ తట్టుట". నా పేజీలో మొగలాయి తోట, ఎర్ర బస్సు, "ఇద్దరి ఫొటో (నిలబడి)". పెళ్ళి ఫొటోలన్నింటిలో మేము కూర్చునే ఉన్నాము. ఆయన ఎత్తెంతో, పక్కన నిలబడితే నేను ఎక్కడికి వస్తానో చూసుకోవాలని నా కోరిక. ఆ పేజీ చూసే ఆయన అడిగారు, "ఫొటో ఎందుకు?" అని. చెప్పాను. అలా ఒక్కో వరుస రాస్తూ, ఎందుకో చెప్పుకుంటూ, మేమిద్దరం ఒకరికొకరం తెలిశాము. ఆయన చిన్నప్పుడు స్టేషను మాస్టరు కావాలనుకున్నారని నాకు ఈ నోటుబుక్కు వల్లనే తెలిసింది. మేనత్త ఇంట్లో పెరిగిన నాకు ఒంటరిగా నిద్రపోవడం భయమని ఆయనకూ అలాగే తెలిసింది.

ప్రయాణము సంగతి కూడా అందులోనే ఉంది. రైలెక్కితే ఊళ్ళోకి పోయి మళ్ళీ ముప్పయి కిలోమీటర్లు వెనక్కి రావాలి. విజయవాడనుండి బస్సెక్కితే సూర్యాపేట, నార్కట్‌పల్లి, చౌటుప్పల్ దాటి, హైదరాబాదు రాకముందే రోడ్డు పక్కన దిగిపోవచ్చు. అప్పట్లో దానిని 9వ నంబరు జాతీయ రహదారి అనేవారు, ఇప్పుడు 65. కోస్తా జిల్లాలవారికి ఇది కలిసివచ్చే సంగతి. ఇదంతా ఆయన ఆర్టీసీ కండక్టరు ఒకరిని అడిగి తెలుసుకున్నారు.

మావయ్య మా సంఘంలో పెద్ద. "సినిమా" అనే మాట ఆ ఇంట్లో పలకకూడదు. సంగతి తెలిసి మూడు రోజులు ముభావంగా ఉన్నారు. "సంఘపెద్ద కొడుకూ కోడలూ సినిమాలు తీసే చోటికి షికారు వెళ్ళారని రేపు నలుగురూ అంటే నేను బల్లదగ్గర ఎలా నిలబడను?" అన్నారు. ఆయన బాధ ఆయనది. అది వట్టి చాదస్తమని నేను ఇప్పటికీ అనను. ఆ పల్లెటూళ్ళో ఆయనకున్న ఆస్తి ఆ పేరొక్కటే.

మా పాస్టరమ్మగారు నా పక్షాన మాట్లాడారు. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయము తీసి చూపించారు. కొత్తగా పెళ్ళయిన వానిని ఒక ఏడాదిపాటు యుద్ధానికి పంపకూడదనీ, భార్య సంతోషము చూసుకోనివ్వాలనీ అక్కడ ధర్మశాస్త్రము చెబుతున్నది గదా అన్నారు. మావయ్య కళ్ళజోడు పెట్టుకొని రెండుసార్లు చదివారు. చదివి, "ఇంట్లో ఉండమనే ఉందమ్మా. ఊళ్ళు తిరగమని లేదు" అన్నారు. పాస్టరమ్మగారు కూడా నవ్వు ఆపుకోలేకపోయారు. మావయ్య నవ్వలేదు గాని, వద్దనే మాట మళ్ళీ ఎత్తలేదు.

అసలు చిక్కు ఇంటి పెద్దలవలన రాలేదు.

2002లో మట్టల ఆదివారము మార్చి 24న వచ్చింది. ఆ రాత్రి, ఇక రెండు నెలలే ఉన్నది గదా అని, డబ్బా తీసి మొత్తం లెక్కపెట్టాను. నోటుబుక్కు ప్రకారము ముప్పయి ఎనిమిది వారాలకు 1,520 రూపాయలు ఉండాలి. డబ్బాలో ఉన్నది 890. మళ్ళీ లెక్కపెట్టాను. 890. సహోదరీలారా, దేవుని యెదుట చెబుతున్నాను, నా మనసు మొదట ఆడపడుచు మీదికి పోయింది, తరువాత అత్తయ్య మీదికి. ఆయన వచ్చాక చెప్పాను. "అమ్మాయినేమీ అనకు. నేనే తీశాను" అన్నారు. ఎందుకని అడిగితే గోడవైపు తిరిగి పడుకున్నారు.

తొమ్మిది రోజులు మాట్లాడలేదు నేను. ఆ ఈస్టరుకు కొత్త చీర కట్టుకొని ఆరాధనలో కూర్చున్నాను గాని, నా చెవులకు ఏమీ ఎక్కలేదు. 630 రూపాయలు పోయినందుకు కాదు. ప్రతి శనివారమూ నా పక్కన కూర్చొని, ఉన్నట్టుగా అంకె వేశారే, అందుకు.

పదవనాడు ఆయనే చెప్పారు. మా పెళ్ళిలో మా పుట్టింటివారి తరఫున ఒక లారీ జనం వస్తారనుకుంటే రెండు లారీలు వచ్చారు. విందులో వేటమాంసం చాలలేదు. అప్పటికప్పుడు ఒకరి దగ్గర మూడు వేలు, నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి, వంటవాళ్ళ చేత మళ్ళీ పొయ్యి వెలిగించారు. నెలకు తొంభై రూపాయల వడ్డీ. ఆగస్టు వరకు ఎలాగో జీతంలో సర్దారు. ఆ తరువాత ఏడు నెలలూ డబ్బాలోనుండి. "మీవాళ్ళవల్ల అప్పయిందని నీతో ఎలా చెప్పను? రెండు లారీల జనం వచ్చారని నువ్వు అందరితో సంబరంగా చెప్పుకుంటున్నావు గదా" అన్నారు.

నిజమే. చెప్పుకున్నాను. పంపు దగ్గర, గుడి దగ్గర, ఎన్నిసార్లు చెప్పుకున్నానో.

నాకు సిగ్గు వేసింది, కోపం కూడా తగ్గలేదు. రెండూ ఒకేసారి ఉండవచ్చునని ఆనాడు తెలిసింది. నోటుబుక్కు తీసి, మొదటి పేజీలో, అట్ట లోపలివైపు ఖాళీలో, నా చేతితో రాశాను: "అప్పు 3,000. వడ్డీ నెలకు 90." ఆయన చూసి, కలము తీసుకొని దాని కింద సంతకం పెట్టారు. బ్యాంకు కాగితం మీద పెట్టినట్టు! ఆ సంతకం చూస్తే మా ఆడపడుచు కూతురుకు నవ్వు ఆగలేదు.

ఆ 890 అప్పులో జమ వేశాము. ప్రయాణం ఆగిపోయింది. ఒక విధంగా మంచిదే అయింది. ఆ ఏడు మే నెలలో వడగాడ్పులు ఎలా వీచాయో అప్పటివారికి జ్ఞాపకం ఉంటుంది. మన రాష్ట్రములో వెయ్యిమందికి పైగా చనిపోయారు. మా వీధిలో పగలు మనిషి కనిపించేవాడు కాడు. మా పెళ్ళిరోజునాడు తడి దుప్పట్లు కిటికీలకు కట్టి లోపలే ఉన్నాము. పొద్దు కుంకాక ఆయన ఒక గెల ముంజలు తెచ్చారు. డాబా మీద నీళ్ళు చల్లి, ఇంటిల్లిపాదీ కూర్చొని తిన్నాము. మావయ్యే ప్రార్థన చేశారు. చేసి, "ఇంట్లోనే ఉన్నారు గదా, వాక్యం నెరవేరింది" అన్నారు. అప్పుడు మాత్రం నవ్వారు.

జూన్‌లో బడిపిల్లల యూనిఫారాలు కుట్టాను. రాత్రి పన్నెండు వరకు మిషను తొక్కితే కాళ్ళు వాచేవి. అక్టోబరు ఆఖరుకు అప్పు తీరింది. క్రిస్మసుకు జాకెట్లు కుట్టిన డబ్బూ, ఆయనకు కొట్లో ఇచ్చిన పండుగ మామూలూ కలిపి డబ్బా మళ్ళీ నిండింది. 2003 జనవరిలో, సంక్రాంతి దాటాక, ఒక మంగళవారము బయలుదేరాము. గది తీసుకోలేదు. రాత్రి బస్సులో వెళ్ళి, పగలంతా చూసి, మళ్ళీ రాత్రి బస్సులో రావడం. అత్తయ్య పులిహోర కట్టి ఇచ్చింది. మావయ్య గుమ్మం దాకా వచ్చి, "జాగ్రత్త. నీళ్ళు కొనుక్కొని తాగండి" అన్నారు.

తెల్లవారుజామున రోడ్డు పక్కన దిగి, ఒక టీ కొట్టు బల్ల మీద కూర్చొని, చలిలో వణుకుతూ పులిహోర తిన్నాము. టిక్కెట్లకు డబ్బాలో పెద్ద ముక్కే పోయింది. ఆనాడు చూసినదంతా ఏకరువు పెట్టను. ఎర్ర బస్సులో తిప్పారు. ఒకే భవనము ఈ వైపునుండి ఒకటిగా, ఆ వైపునుండి మరొకటిగా ఉండడము చూసి ముక్కున వేలేసుకున్నాను. గుండ్రంగా తిప్పే ఆట ఒకటి ఎక్కాము. తాటిచెట్టు ఎక్కడానికి వెరవని మనిషి, దిగాక అరగంట చెట్టుకింద కళ్ళు మూసుకొని కూర్చున్నారు. నాకేమీ కాలేదు. ఆ సంగతి అత్తయ్యకు చెప్పవద్దని బతిమాలారు.

స్టేషను దగ్గరకు వెళ్ళాక, చుట్టుపక్కల ఎవరూ చూడడం లేదని నిశ్చయించుకొని, ఆయన గోడను వేలి కణుపులతో తట్టారు. డొల్ల శబ్దమే వచ్చింది. ఇంకోసారి తట్టి, నన్నూ తట్టమన్నారు. పసిపిల్లవాడి ముఖంలా ఉంది ఆయన ముఖం. ఫొటో అక్కడే తీయించుకున్నాము, నిలబడి. నేను ఆయన భుజము దాకా వస్తాను.

ఇంటికి వచ్చాక మావయ్య ఆ ఫొటో చాలాసేపు చూశారు. "ఈ స్టేషనుకు ఏ బండి వస్తుందిరా?" అని అడిగారు. ఏ బండీ రాదని మావారు చెప్తే, "మరి ఇంత డబ్బు పోసి ఎందుకు కట్టారు?" అని ఆశ్చర్యపోయారు. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆ ఫొటో వాక్యపు క్యాలెండరు పక్కనే ఉండేది.

ఇదంతా విని మా ఆడపడుచు కూతురు కొంతసేపు మాట్లాడలేదు. ఫోను చేతిలోనే ఉంది. ఒక్క మీట నొక్కితే టిక్కెట్లు వచ్చేస్తాయి. దాని భర్త బండి వాయిదాలు కడుతున్నాడనీ, నెలకెంతో తనకు తెలియదనీ మెల్లగా చెప్పింది. నేనేమీ అనలేదు. నేనెవరిని అనడానికి?

"అత్తయ్యా, ఇలాంటి నోటుబుక్కు ఇంకొకటి ఉందా?" అని అడిగింది.

లేదు. ఈ పాతదానిలోనే వెనుక పదహారు పేజీలు రాయకుండా ఉన్నవి. దారము తెగకుండా జాగ్రత్తగా విప్పి, అవి ఇచ్చి పంపాను.