గడప బయటే ఆగిన చట్టం

వంటింటి పొగ గురించి మనం చాలానే రాసుకున్నాం. తడి కట్టెలు, ఊదుగొట్టం, మండే కళ్ళు. ముందుగదిలోంచి వచ్చే సిగరెట్ పొగ గురించి మాత్రం నేను చదివింది తక్కువ. బహుశా అది ఇంటి యజమాని పొగ కాబట్టేమో.

మా నాన్న రోజుకి రెండు పెట్టెలు కాల్చేవారు. అమ్మ కిటికీలు తీసేది, బూడిద ఎత్తేది, దగ్గేది. ఎవరైనా అడిగితే "ఆయన అలవాటు" అనేది. ఆ అలవాటులో మా అందరి ఊపిరీ కలిసి ఉందన్న మాట ఆ ఇంట్లో ఎప్పుడూ రాలేదు.

పరోక్ష ధూమపానం గురించి ప్రపంచాన్ని కదిలించిన తొలి సాక్ష్యాల్లో ఒకటి భార్యల శరీరాలనుంచే వచ్చింది. జపాన్‌లో తకేషి హిరాయామా పొగ తాగని 91,540 మంది భార్యల ఆరోగ్యాన్ని 14 ఏళ్ళు గమనించి, 1981లో ఫలితాలు ప్రకటించాడు. భర్త ఎంత ఎక్కువ కాలిస్తే భార్యకి ఊపిరితిత్తుల కాన్సర్ ముప్పు అంత ఎక్కువని తేలింది.

అయినా చట్టాలు కదిలింది ఇంటికోసం కాదు, ఉద్యోగం చేసే చోటుకోసం. అక్కడా పోరాడినవాళ్ళలో స్త్రీలున్నారు. సిగరెట్ ముట్టకుండానే కాన్సర్ బారినపడ్డ అమెరికన్ ఎయిర్ హోస్టెస్ నార్మా బ్రోయిన్, తోటి ఉద్యోగులతో కలిసి 1991లో సిగరెట్ కంపెనీలమీద దావా వేసింది. కెనడాలో నలభై ఏళ్ళు హోటళ్ళలో వడ్డించిన హెదర్ క్రో తన కాన్సర్‌కి కారణం పనిచోటి పొగేనని 2002లో ఒప్పించి పరిహారం పొందింది. 2006లో చనిపోయేదాకా ఊరూరా తిరిగి మాట్లాడింది. 2004 మార్చి 29న ఐర్లండ్ పబ్బులతో సహా పనిచోట్లలో పొగని నిషేధించింది. మన దేశంలో 2003 నాటి చట్టం కింద 2008 అక్టోబరు 2 నుంచి కార్యాలయాలకీ హోటళ్ళకీ నిబంధనలొచ్చాయి.

వీటన్నిటి వెనకా ఉన్న న్యాయం ఒకటే: పనిచేసే చోట గాలి శుభ్రంగా ఉండాలి. మరి అమ్మ పనిచేసిన చోటు ఏది? ఇంటి చాకిరీని పనిగా లెక్కగట్టనివాళ్ళు ఇంటిని పనిచోటుగా ఎలా చూస్తారు? 2016-17 జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో పెద్దవాళ్ళలో 38.7 శాతం మంది ఇంట్లోనే ఇతరుల పొగ పీలుస్తున్నారు. ప్రపంచం మొత్తంమీద 2004లో ఈ పొగవల్ల 6,03,000 మంది చనిపోయారని అంచనా. వాళ్ళలో 47 శాతం స్త్రీలు, 28 శాతం పిల్లలు.

"ఇంటి విషయం" అన్న మాట గృహహింస దగ్గరా విన్నాం. 2005లో చట్టం ఆ గడప దాటింది. సిగరెట్ కోసం పోలీసులు ఇంట్లోకి రావాలని నేననను. "బయటికెళ్ళి కాల్చు" అనడానికి ఏ ఆడదీ భయపడనక్కర్లేని ఇల్లు కావాలంటాను.

మా ఇంట్లో సిగరెట్ గేటు బయటే. ఆ నియమం నేను పెట్టాను. వచ్చినవాళ్ళు మొహమాటపడినా మార్చను. నేను రోజంతా పనిచేసేది ఇక్కడే.