నెరిసిన వయసుకు తగిన అలంకరణ

యాభయ్యో ఏడు దాటిన మనిషి అద్దం ముందు నిలిచినప్పుడు సాధారణంగా రెండు దారులలో ఏదో ఒకటి పడతాడు. తన వయసును లోకానికి తెలియనివ్వకూడదని కొందరు తాపత్రయపడతారు. “ఇక మనల్ని చూసేదెవరు, మనకెందుకు ఈ సింగారం” అని కొందరు తమను తాము వదిలేసుకుంటారు. ఈ రెండింటికీ నడుమ ఒక గౌరవప్రదమైన బాట ఉంది. ఇస్లాం మనకు చూపినది ఆ బాటనే.

మా మస్జిదులో మగ్రిబ్ నమాజు తరువాత అరుగు మీద కాసేపు కూర్చునే నా ఈడు వారిలో ఈ ఇరు తరగతుల వారూ ఉన్నారు. ఒక మిత్రుడు జుమా వచ్చేసరికి గడ్డానికి కారునలుపు రంగు వేయించుకొని వస్తారు. వారం గడిచేసరికి వెంట్రుకల మొదళ్లలో తెలుపు తొంగిచూస్తుంది. ఆయనకు దిగులు మొదలవుతుంది. మరొక పెద్దమనిషి దుకాణాన్ని కొడుకులకు అప్పగించిన నాటి నుంచి వెలిసిపోయిన లుంగీ, గుండీలు ఊడిన చొక్కాతోనే కాలం వెళ్లదీస్తున్నారు. చిన్న కొడుకుకు సంబంధం మాట్లాడడానికి వచ్చినవారు గుమ్మంలో ఆయనను చూసి పనివాడనుకొని, “లోపల పెద్దవారున్నారా?” అని అడిగారట. ఆ సంగతి ఆయన నవ్వుతూనే చెప్పారు. అయితే ఆ నవ్వు వెనుక ఉన్న నొప్పి మాకందరికీ తెలిసింది.

మద్రసాలో నేను హదీసు బోధిస్తాను. ఏటేటా విద్యార్థులతో కలిసి వస్త్రధారణ అధ్యాయం చదువుతాను. ఇరవై ఏళ్ల వయసులో ఆ అధ్యాయాన్ని చదివినప్పుడు నా దృష్టి అంతా యువకులకు చెప్పిన హెచ్చరికల మీదనే ఉండేది. ఇప్పుడు అవే పుటలలో వయసు పైబడిన వారి ముచ్చట్లు ఎన్ని ఉన్నాయో కనిపిస్తున్నది.

ముందుగా నెరసిన వెంట్రుక సంగతి చూద్దాం. దివ్య ఖుర్ఆన్‌లో అర్‌రూమ్ సూరా 54వ ఆయతు మానవ జీవితాన్ని మూడు దశలుగా మన ముందుంచుతుంది: బలహీనత, ఆ పిదప బలం, ఆ పిదప మళ్లీ బలహీనత, దానితోపాటు నెరసిన తల. అంటే తల నెరవడం ప్రమాదవశాత్తూ వచ్చిపడిన లోపం కాదు. సృష్టికర్త రచించిన క్రమంలోని ఒక మెట్టు. నెరసిన వెంట్రుకలను పీకివేయవద్దని, అవి విశ్వాసికి కాంతి వంటివని మహాప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) ఉపదేశించారు. ఇమామ్ మాలిక్ (రహ్మ) ‘ముఅత్తా’లోని ఒక ఉల్లేఖనం ప్రకారం, తనలో తెల్ల వెంట్రుకను చూసిన మొదటి మనిషి ఇబ్రాహీమ్ (అలైహిస్సలాం). ఇదేమిటని ఆయన తన ప్రభువును అడగగా, అది ‘వకార్’ అని, అంటే హుందాతనమని సమాధానం వచ్చింది. అలాగైతే దానిని ఇంకా పెంచమని ఆయన వేడుకున్నారు. మనం దేనిని చూసి బెంగపెట్టుకుంటామో దానినే ఆ మహనీయుడు ఇంకా కావాలని కోరుకున్నారు!

అయితే తెల్లదనాన్ని గౌరవించడం వేరు, శరీరాన్ని పట్టించుకోకపోవడం వేరు. చింపిరి జుట్టుతో కనిపించిన ఒక వ్యక్తిని చూసి, జుట్టు సరిచేసుకోవడానికి ఇతనికి ఏమీ దొరకలేదా అని దైవప్రవక్త (స) అడిగారు. మరొకరు ముతకబట్టలతో ఆయన సన్నిధికి వచ్చారు. నీకు సంపద ఉందా అని ఆయన ప్రశ్నించగా, ఒంటెలు, మేకలు, గుర్రాలు అన్నీ ఉన్నాయని ఆ వ్యక్తి చెప్పారు. అల్లాహ్ నీకు ఇచ్చినప్పుడు ఆ అనుగ్రహం ఛాయ నీ మీద కనపడాలని ప్రవక్త (స) సెలవిచ్చారు. ఈ మాటలు పడుచువారికి మాత్రమే అని ఎక్కడా లేదు.

మక్కా విజయం నాటి సంఘటన ఇంకా స్పష్టమైనది. హిజ్రీ 8వ సంవత్సరంలో (క్రీ.శ. 630) హజ్రత్ అబూ బక్ర్ (రజి) వృద్ధ తండ్రి అబూ ఖుహాఫాను ప్రవక్త (స) వద్దకు తీసుకువచ్చారు. ఆయన తల, గడ్డం తెల్లపూల మొక్కలా ధవళవర్ణంలో ఉన్నాయి. దీనిని దేనితోనైనా మార్చండి, అయితే నలుపును మాత్రం వాడకండి అని ప్రవక్త (స) ఆదేశించారు. ఆనాటి పరిస్థితిని ఊహించండి. ఒక నగరం చేతికి వచ్చిన రోజు అది. ఎన్నో సమస్యలు పరిష్కారానికి ఎదురుచూస్తున్న రోజు. అటువంటి రోజున ఒక ముదుసలి రూపం ఎలా ఉండాలన్న విషయానికి కూడా అక్కడ స్థానం దొరికింది.

తెల్ల వెంట్రుకల రంగు మార్చడానికి ఉత్తమమైనవి గోరింటాకు, కతమ్ అని హదీసులలో వచ్చింది. కతమ్ అరేబియా ప్రాంతపు మొక్క; గోరింటాకుతో కలిపితే ఎరుపు కలిసిన ముదురు ఛాయ వస్తుంది. హజ్రత్ అబూ బక్ర్ (రజి) ఈ రెండింటినీ కలిపి వాడేవారు. హజ్రత్ ఉమర్ (రజి) వట్టి గోరింటాకు పెట్టుకునేవారు. ఏ రంగూ వేయక తెల్లదనాన్ని అలాగే ఉంచుకున్న సహచరులూ ఉన్నారు. కాబట్టి రంగు వేసుకున్నవారిని గానీ వేసుకోనివారిని గానీ ఎగతాళి చేసే హక్కు ఎవరికీ లేదు. కారునలుపు విషయంలో ధర్మవేత్తల మధ్య అభిప్రాయ భేదం ఉంది. కొందరు నిషిద్ధమన్నారు, కొందరు అవాంఛనీయమన్నారు, పరిమితులతో అనుమతించినవారూ ఉన్నారు. నేను నా విద్యార్థులకు జాగ్రత్త వైపే మొగ్గమని చెబుతాను. ఆ జాగ్రత్తలోని మర్మం కూడా తేలికైనదే. గోరింట ఎరుపును చూసి ఎవరూ మోసపోరు. ఆ మనిషి తన వయసును అంగీకరిస్తూనే దానిని అలంకరించుకున్నాడని తెలుస్తుంది. కారునలుపు మాత్రం లేని యవ్వనాన్ని ఉన్నదని చూపడానికి ప్రయత్నిస్తుంది. పెళ్లి సంబంధాల వేళ అటువంటి దాపరికం ఎంత అనర్థానికి దారితీస్తుందో చెప్పనవసరం లేదు.

మరొక హెచ్చరిక కూడా అవసరం. ‘నల్ల మెహందీ’ పేరిట అంగళ్లలో దొరికే పొట్లాలలో ఉన్నదంతా గోరింటాకే అనుకోకండి. స్వచ్ఛమైన గోరింటాకు ఒంటరిగా ఎన్నడూ నల్లగా పండదు. వాటిలో చాలావరకు రసాయనాలు కలుపుతారు. కొందరికి వాటివల్ల ముఖం వాచడం, దురద, బొబ్బలు వస్తాయి. ఏ రంగయినా ముందుగా మోచేతి మడతలో కాస్త రాసి రెండు రోజులు ఆగి చూసుకోవడం మేలు. మా ఇంట్లో మాత్రం పెరటి గోరింట చెట్టే మాకు ఆధారం. నెలకొకసారి నా భార్య ఆకు రుబ్బి ఇస్తుంది. పెట్టుకున్న మరునాడు తరగతిలో చిన్నపిల్లలు ముసిముసిగా నవ్వుకుంటారు. నాకది సంతోషమే.

ఇక దుస్తుల సంగతి. “కాలానికి తగినట్లు ఉండాలి” అని పిల్లలంటే, “మన పాత పద్ధతే ధర్మం” అని పెద్దలంటారు. చరిత్రను ఒకసారి తిరగేస్తే ఈ తగవు చాలావరకు తీరిపోతుంది. హైదరాబాదు పాత ఛాయాచిత్రాలలో షేర్వానీ, రూమీ టోపీ ధరించిన పెద్దలను చూసి అది అనాదిగా వచ్చిన ముస్లిం వేషమని మనం భావిస్తాం. నిజానికి షేర్వానీ రూపుదిద్దుకున్నది 19వ శతాబ్దంలో. ఎర్రని ఆ టోపీని 1829లో ఉస్మానీ సుల్తాను రెండవ మహ్మూద్ తన ఉద్యోగులకు తలపాగా స్థానంలో నిర్ణయించారు. అప్పుడది కొత్త పోకడ. శతాబ్దం తిరగకముందే, 1925లో తుర్కియే ప్రభుత్వం అదే టోపీని నిషేధించినప్పుడు తమ ధార్మిక చిహ్నాన్నే లాక్కున్నారని ఎందరో బాధపడ్డారు. ఒక తరం వింతగా చూసినది మరొక తరానికి సంప్రదాయమైంది.

దీని అర్థం బట్టలకు హద్దులే లేవని కాదు. హద్దులు ఉన్నాయి, అవి కాలంతో మారవు. దుస్తులు శరీరాన్ని కప్పాలి, శుభ్రంగా ఉండాలి. అందులో అహంకారం, దుబారా ఉండకూడదు. పదిమందీ తనవైపు చూడాలన్న కీర్తి కాంక్ష ఉండకూడదు. స్త్రీ పురుషులు ఒకరి వేషం మరొకరు వేయకూడదు. పురుషులకు పట్టు, బంగారం తగవు. ఈ గీతల లోపల కుర్తా కాలరు ఎలా ఉండాలి, కళ్లజోడు ఫ్రేము ఏ ఆకారంలో ఉండాలి, చీర అంచు ఎంత వెడల్పుండాలి అన్నవి ఆయా కాలానికి, ప్రాంతానికి, అభిరుచికి వదిలిన విషయాలు. తన బట్టలు, చెప్పులు అందంగా ఉండాలని మనిషి కోరుకోవడం అహంకారమవుతుందా అన్న ప్రశ్న ప్రవక్త (స) సమక్షంలో వచ్చింది. అల్లాహ్ సౌందర్యవంతుడు, సౌందర్యాన్ని ప్రేమిస్తాడు. సత్యాన్ని తిరస్కరించడం, తోటివారిని చులకనగా చూడడం అహంకారం అని ఆయన వివరించారు.

ఇంతవరకు చెప్పినదంతా పురుషులకు సులభంగానే ఎక్కుతుంది. మన సమాజంలో అసలు భారం స్త్రీల మీద ఉంది. నలభై దాటగానే “ఈ వయసులో ఆ రంగేమిటి?” అనే ప్రశ్న వారిని వెంటాడుతుంది. భర్తను కోల్పోయిన స్త్రీ విషయంలో అయితే ఆ ప్రశ్న ఏకంగా శాసనమైపోతుంది.

నా చెల్లెలికి భర్త పోయి మూడేళ్లయింది. అప్పుడామె వయసు నలభై ఆరు. ఇద్దత్ గడువు ముగిసినా ఆమె తెల్లచీర విడువలేదు, గాజులు తొడగలేదు. బంధువులలో ఒక పెద్దావిడ “ఇక నీకు రంగులు ఎక్కడివి” అన్న మాట ఆమె మనసులో నాటుకుపోయింది. పెళ్లిళ్లలో వంటల వైపే ఉండిపోయేది. చివరికి కూతురి బడిలో తల్లిదండ్రుల సమావేశాలకు కూడా వెళ్లడం మానేసింది. మా అబ్బాయి నికాహ్‌కు నెల ముందు ఒకనాడు మెల్లగా అడిగింది: “భాయ్‌జాన్, నేను రంగుచీర కట్టుకుంటే పాపమా?”

నేను ఆ పెద్దావిడ కూడా ఉన్నప్పుడే జవాబు చెప్పాను. భర్త మరణించిన స్త్రీకి అల్‌బఖరా సూరా 234వ ఆయతు నిర్ణయించిన గడువు నాలుగు నెలల పది రోజులు. గర్భవతి అయితే ప్రసవం వరకు. ఆ గడువులో అలంకరణ మానాలి. ఆ పిదప ధర్మసమ్మతమైన అలంకరణకు ఆటంకం లేదు. విశ్వాసుల మాతృమూర్తి ఉమ్మె హబీబా (రజి) తన తండ్రి అబూ సుఫ్యాన్ మరణానంతరం సుగంధం తెప్పించి పూసుకున్నారు. నాకు సుగంధం మీద కోరిక ఏమీ లేదు. భర్త విషయంలో తప్ప ఎవరికోసమూ మూడు రోజులకు మించి శోకం పాటించరాదని ప్రవక్త (స) చెప్పగా విన్నాను, అందుకే పూసుకున్నానని వివరించారు. అంటే శోకానికి హద్దు ఉందని తెలియజేయడం కోసమే ఆమె అలంకరించుకున్నారు. జీవితాంతం తెల్లచీర అన్నది మన ఇరుగుపొరుగు ఆచారాల నుంచి మన ఇళ్లలోకి వచ్చినదే గాని షరీఅత్ నుంచి వచ్చినది కాదు. ఆ పెద్దావిడ చాలాసేపు మౌనంగా ఉన్నారు. “మాకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు నాయనా” అన్నారు చివరకు. ఆవిడ కూడా పాతికేళ్లుగా తెల్లచీరే కడుతున్నారన్న విషయం అప్పుడు మాకందరికీ గుర్తుకు వచ్చింది.

నికాహ్ నాడు నా చెల్లెలు ఆకుపచ్చ చీర కట్టుకొని స్త్రీల వరుసలో ముందు కూర్చుంది. ఆ తరువాతి నెలలో కూతురి బడికి వెళ్లి వచ్చింది. పెద్దావిడ మాత్రం తన తెల్లచీరను మార్చుకోలేదు. అలవాటైపోయిందన్నారు. అది ఆమె ఇష్టం. ఎవరి బలవంతమూ కానంతవరకు తెలుపు కూడా మంచి రంగే.

భర్తలకు కూడా ఒక మాట. నా భార్య నా కోసం అలంకరించుకోవడం నాకెంత ఇష్టమో, ఆమె కోసం నేను అలంకరించుకోవడం కూడా నాకంత ఇష్టమని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) అనేవారు. బయటికి వెళ్లేటప్పుడు అత్తరు, ఇంట్లో చిరిగిన బనియను అన్నది మనలో చాలామంది పద్ధతి. మీసాలు కత్తిరించడం, గోళ్లు తీయడం వంటివి 40 రోజులకు మించి వదిలివేయరాదని హదీసు ఉంది. వయసు మీరిన వారికి అందులో మినహాయింపు లేదు. చూపు మందగించి తామే చేసుకోలేని పెద్దలకు ఆ పని చేసిపెట్టడం ఇంట్లోని పిల్లల బాధ్యత. పది నాసిరకం జతలకన్నా ఒంటికి సరిపడే రెండు మంచి జతలు మేలు. పొట్ట పెరిగినా పాత కొలతలకే కుట్టించుకోకుండా దర్జీకి కొత్త కొలతలివ్వండి; ఇబ్బంది లేకుండా రుకూ, సజ్దా చేయగలగాలి కదా!

ఇవన్నీ చెప్పిన పిదప, అల్‌ఆరాఫ్ సూరా 26వ ఆయతును మరువరాదు. దుస్తులు అల్లాహ్ ప్రసాదించిన వరమని, అలంకారమని ఆ ఆయతు తెలియజేస్తుంది. అన్నింటికన్నా దైవభీతి అనే వస్త్రమే శ్రేష్ఠమని కూడా వెంటనే గుర్తుచేస్తుంది. ఆ వస్త్రం పాతబడేది కాదు.

ప్రియ పాఠకులారా! రానున్న పండుగకు పిల్లల బట్టల జాబితా రాసేటప్పుడు మీ ఇంటిలోని దాదీమాను, నానీమాను, భర్త పోయిన పిన్నమ్మను పక్కన కూర్చోబెట్టుకొని, “మీకు ఏ రంగు ఇష్టం?” అని అడగండి. ఎన్నో ఏళ్లుగా వారిని ఎవరూ ఆ మాట అడిగి ఉండకపోవచ్చు. మన బాహ్యాన్నీ అంతరంగాన్నీ అల్లాహ్ అందంగా ఉంచుగాక! ఆమీన్.