ఫార్మాట్ మాత్రం వద్దండీ!

కంప్యూటర్ నెమ్మదించిందంటే మనవాళ్ళు మొదట అనుమానించేది వైరస్‌ని. ఆ తర్వాత ర్యామ్‌ని. ఆ రెండూ నిర్దోషులని తేలితే "పాతదైపోయిందండీ, కొత్తది కొనేసుకోండి" అని తీర్పు వచ్చేస్తుంది. అసలు ముద్దాయి మాత్రం డబ్బా లోపల గిర్రున తిరుగుతూనే ఉంటుంది. దానివైపు ఎవరూ వేలు చూపరు.

డెస్క్‌టాప్‌లో ఉండే హార్డ్ డిస్కు సాధారణంగా నిమిషానికి 7,200 చుట్లు తిరుగుతుంది. వినడానికి మహా వేగమే. లెక్క వేసి చూడండి. ఒక్కో చుట్టుకి 8 మిల్లీసెకన్ల పైమాటే. కావలసిన ముక్క హెడ్ కిందికి రావాలంటే సగటున సగం చుట్టు ఆగాలి. అంతకుముందు ఆ హెడ్‌ని మోసే చెయ్యి సరైన వరస మీదికి జరగాలి, దానికి ఇంకో 8, 9 మిల్లీసెకన్లు. వెరసి, చెల్లాచెదురుగా పడున్న చిన్న ముక్కల్ని ఏరుకు రమ్మంటే సెకనుకి 80, మహా అయితే 100 తెస్తుంది. విండోస్ లేవడమంటే అలాంటి ముక్కల్ని వేలకొద్దీ ఏరుకోవడమే. తాలూకా ఆఫీసు రికార్డు రూములో ఒక్కడే అటెండరు ఉండి, ఫైలుకో మారు లోపలికెళ్ళి వస్తున్నాడనుకోండి. బయట కూర్చున్న అధికారి ఎంత చురుకైనవాడైతే ఏం లాభం? ప్రాసెసర్ పరిస్థితీ అదే.

1956లో ఐబీఎం వాళ్ళు తెచ్చిన మొదటి హార్డ్ డిస్కులో 24 అంగుళాల పళ్ళేలు 50 ఉండేవి. యంత్రం బరువు టన్ను దాటింది. అంతా కలిపి అది దాచింది 50 లక్షల అక్షరాలు. ఇవాళ ఫోన్లో తీసిన ఒక్క ఫొటోకి చాలదేమో. ఆ తర్వాత పళ్ళేలు చిన్నవయ్యాయి, సరుకు లక్షల రెట్లు పెరిగింది, తిరగడం మాత్రం మానలేదు. హార్డ్ డిస్కుకి బదులుగా వేసుకునే ఎస్‌ఎస్‌డీలో తిరిగేదీ లేదు, జరిగేదీ లేదు. తోషిబాలో పనిచేసిన ఫుజియో మసుఓకా బృందం 1987లో లోకానికి చూపించిన నాండ్ ఫ్లాషే అందులోని చిప్పులు. ముక్క ఏ మూలనున్నా తేవడానికి మిల్లీసెకనులో పదో వంతుకి అటూ ఇటూ.

మా వీధి చివర డీటీపీ సెంటర్ ఉంది. పెళ్ళి కార్డులు, ఓపెనింగ్ కరపత్రాలు, దశదిన కర్మ ఆహ్వానాలు... ఊరి శుభాశుభాలన్నీ ఆ ఒక్క కంప్యూటర్లోంచే రావాలి. పొద్దున షట్టర్ ఎత్తి, బటన్ నొక్కి, ఊడ్చి, దేవుడికి అగరొత్తులు వెలిగించి, టీ తాగి వచ్చినా తెర మీద చుక్కలు తిరుగుతూనే ఉండేవి. ఎస్‌ఎస్‌డీ వేయిద్దామంటే ఆయన ఒప్పుకున్నాడు, ఒక్క షరతు మీద. "ఏమైనా చేయండి సార్, ఫార్మాట్ మాత్రం వద్దండీ!"

ఆ భయంలో న్యాయముంది. ఆయన బతుకు పేజ్‌మేకర్ 7.0 మీద. 2001లో వచ్చింది, దాని తర్వాత ఇంకో వెర్షన్ రాలేదు. విండోస్ 10 మీద దాన్ని బతిమాలి నడిపించుకోవాలి. దానికి జతగా అను ఫాంట్లు. అవి యూనికోడ్ కావు. ఫాంటు లేకపోతే శుభలేఖ ఫైల్లో తెలుగు బదులు పిచ్చి గీతలు కనిపిస్తాయి. ఆపిల్ కీబోర్డ్ లేఅవుట్‌కి అలవాటుపడిన వేళ్ళు, దానికి తగ్గ అమరికలు, ఏ ప్రింటర్‌కి ఏ మార్జిన్లు... వీటిలో సగానికి సీడీలు ఎక్కడున్నాయో ఆయనకే తెలియదు. ఇంటర్నెట్ నిండా "కొత్తగా ఇన్‌స్టాల్ చేసుకోవడమే శ్రేష్ఠం" అని చెప్పేవాళ్ళున్నారు. బ్రౌజరూ సినిమాలూ తప్ప మరేమీ లేనివాళ్ళకి అది మంచి మాటే. కంప్యూటరే దుకాణమైనవాడికి కాదు. అలాంటివాడికి ఉన్నదున్నట్టుగా దించే క్లోనింగే దారి.

అక్కడ మొదటి మెలిక కొలతల్లో ఉంటుంది. పాతది 500 జీబీ, కొత్తది 480. సగానికి పైగా ఖాళీయే అయినా, గమ్యం చిన్నదైతే కొన్ని సాఫ్ట్‌వేర్లు ససేమిరా అంటాయి. ముందు సి డ్రైవ్‌ని కుదించాలి. విండోస్ దానికీ ఒక పట్టాన ఒప్పుకోదు. కదపడానికి వీల్లేని ఫైళ్ళు చివర్లో బైఠాయించి ఉంటాయి. హైబర్నేషన్, పేజ్ ఫైల్, సిస్టమ్ రిస్టోర్ మూడూ ఆపి రీస్టార్ట్ చేస్తే దిగొచ్చింది. దానికంటే ముందు పార్టీల ఫైళ్ళన్నీ వేరే డిస్కులోకి కాపీ చేయించాను. పాత డిస్కు ఆరోగ్యం అంతంతమాత్రంగా ఉంటే, మొదటినుంచి చివరిదాకా చదివించే ఈ పనిలోనే అది ప్రాణం వదలొచ్చు.

డబ్బా విప్పితే లోపల అంగుళం మందాన దుమ్ము. ఎస్‌ఎస్‌డీ అరచేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు. "ఇదేంటి సార్, ఉత్త డొల్లలా ఉంది?" అన్నాడాయన అనుమానంగా. సాటా కేబుల్ చివర ఎల్ ఆకారపు గాడి ఉంటుంది, సరిగ్గా తిప్పి పెడితేనే కూర్చుంటుంది. బలవంతపెడితే ప్లాస్టిక్ నాలుక విరుగుతుంది. తిరిగేది లేదు గనక అదురూ లేదు. బ్రాకెట్ దొరక్కపోయినా ఒక్క స్క్రూతో సరిపెట్టొచ్చు.

కాపీ అయ్యాక, బటన్ నొక్కే ముందు పాత డిస్కు కేబుల్ పీకెయ్యాలి. ఇది చాలామంది పట్టించుకోరు. రెండు డిస్కుల గుర్తింపు సంఖ్యా ఒకటే కావడంతో విండోస్ తికమకపడుతుంది. ఒకదాన్ని పక్కన పెట్టేస్తుంది, లేదా పాతదాన్నుంచే లేచి మనల్ని మోసం చేస్తుంది. బయోస్‌లో బూట్ వరస తప్ప మరేదీ ముట్టుకోకూడదు. సాటా మోడ్ మారిస్తే నీలి తెరే గతి. లాప్‌టాప్‌లలో బిట్‌లాకర్ ఉందేమో చూసుకోవాలి. దాని 48 అంకెల రికవరీ కీ ముందే రాసిపెట్టుకోకపోతే సొంత ఇంటి ముందు తాళంచెవి లేకుండా నిలబడాల్సిందే.

ఆయన అగరొత్తి వెలిగించేలోపే పేజ్‌మేకర్ తెరుచుకుంది. మొన్నటి శుభలేఖ, వత్తులూ గుణింతాలూ చెక్కుచెదరకుండా.

కొనేవాళ్ళకి ఒక మాట. షాపువాళ్ళు సెకనుకి 3,500 ఎంబీ అంటూ ఎన్‌వీఎంఈ రకం ఎస్‌ఎస్‌డీ చూపిస్తారు. సాటా రకం 550 దగ్గర ఆగిపోతుంది. కాగితం మీద తేడా ఆరు రెట్లు. తిరిగే డిస్కు నుంచి సాటాకి వచ్చినప్పుడు కలిగే ఆనందంలో, సాటా నుంచి ఎన్‌వీఎంఈకి వెళితే పిసరంత కూడా కలగదు, కనీసం కంప్యూటర్ లేవడంలో. పాత మదర్‌బోర్డుకి సాటా చాలు. అలాగని ఎస్‌ఎస్‌డీ సర్వరోగ నివారిణి కాదు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ముగిసింది. ఆ లోటుని ఏ డిస్కూ పూడ్చలేదు. డీటీపీ కంప్యూటర్‌కి నెట్ వైరు తీసేసి, ఫైళ్ళు ఇంకో దాంట్లోంచి పంపుకోమన్నాను. ఎస్‌ఎస్‌డీ పోయేటప్పుడు హార్డ్ డిస్కులా టకటకమని హెచ్చరించదు, చాలాసార్లు చెప్పాపెట్టకుండా పోతుంది. కరెంటు తగలకుండా ఏళ్ళ తరబడి బీరువాలో పెడితే దానిలోది చెరిగిపోయే ప్రమాదమూ ఉంది. దాచుకోవడానికి పాత పళ్ళేల డిస్కే నయం.

ఆ పాత డిస్కు ఇంకా బాగుంటే కొన్నాళ్ళు అలాగే ఉంచండి, తర్వాత బ్యాకప్‌కి వాడుకోండి. అమ్మేయాలనుకుంటే మాత్రం ఊరికే డిలీట్ చేసి ఇవ్వకండి. డీటీపీ సెంటర్ డిస్కంటే ఊరివాళ్ళ ఆధార్ కార్డులు, పాస్‌బుక్కులు, ఫొటోలు. డిలీట్ నొక్కితే పేరు పోతుంది గానీ ఫైలు పోదు, తవ్వేవాడికి దొరుకుతుంది. క్విక్ ఫార్మాట్ దగ్గరున్న టిక్కు తీసేసి పూర్తి ఫార్మాట్ చేస్తే విండోస్ ఆ పార్టిషనంతా సున్నాలు రాస్తుంది, డిస్కులోని ప్రతి పార్టిషన్‌కీ అలాగే చేయాలి. గంటలు పట్టినా సరే, అది పూర్తయ్యాకే చేతులు మారనివ్వండి.