నా మొదటి శ్రోత

గ్రంథపఠనమువలని లాభములను గూర్చి మీ యుపాధ్యాయులు పలుమారు చెప్పియే యుందురు. వానిని మరల వల్లించుట నా యుద్దేశము కాదు. చదువుట యనగా కన్నులతో జేయు పని మాత్రమే యని తలంచుచుండిన నాకు, అది కంఠముతోడను, ఇతరుల కొరకును జేయవలసిన పని యని నేర్పిన యిరువురను గూర్చియు, ఆ పాఠమును నేను మొదట పెడచెవిని బెట్టిన తీరును గూర్చియు నిచట విన్నవించెదను.

ఆ యిరువురు న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు. తెలుగు పిల్లలు వారిని రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య యనియే యెఱుగుదురు. రాఘవరావుగారు 1905లో బరంపురమున జన్మించిరి. 1938 జూన్ 16వ తేదీని మదరాసులో రేడియో కేంద్రము నెలకొనిన పిమ్మట, అచ్చటి తెలుగు పిల్లల కార్యక్రమమునకు ఈ దంపతులు ప్రాణము పోసిరి. ఇంగ్లండున 1922లో బి.బి.సి.వారు పిల్లలకై కార్యక్రమము నారంభించినప్పుడు, అందు మాటలాడువారు మామయ్యలుగను, అత్తయ్యలుగను వ్యవహరింపబడుచుండిరి. మనవారన్ననో అన్నయ్యయు, అక్కయ్యయు నైరి. ఈ భేదము చిన్నది కాదు. మామయ్య యెదుట పిల్లవాడు చేతులు కట్టుకొని కూర్చుండును. అన్నయ్య యెదుట నోరు విప్పును.

వారు మాటతో తృప్తి నొందలేదు. గాలిలో వచ్చిన మాట గాలిలోనే కలిసిపోవును. వినిన పిల్లవానికి మరల చూచుకొనుటకు అచ్చుపుట కావలయును. అందుచేతనే కాబోలు, 1945 ఆగస్టులో "బాల" యను మాసపత్రికను వెలువరించిరి. మనమందఱ మెఱిగిన "చందమామ" 1947 జూలైలో గాని పుట్టలేదు. ముళ్ళపూడి వెంకటరమణగారి మొదటి కథ 1945లో "బాల"యందే అచ్చుపడినది. రేడియో ముందు గొంతు విప్పనేర్చిన పిల్లలకు కలము పట్టుటయు నేర్పిన యిల్లది.

మన నగరమున, నైజాము కాలములో 1935 మొదలుగా "దక్కను రేడియో" పేర ఉర్దూ ప్రధానముగా నడచిన కేంద్రము 1950లో అఖిల భారత రేడియోలో జేరినది. 1956లో ఆంధ్రప్రదేశ్ యేర్పడిన తరువాత ఈ దంపతులును హైదరాబాదునకు వచ్చి, నారాయణగూడలో తమ బాలానంద సంఘమును నడపుచు, రేడియోలో "బాలానందము"ను వినిపించుచుండిరి.

ఆ దినములలో మేము మలక్‌పేటలో నొక యిఱుకు సందులో నుంటిమి. మా యింట రేడియో లేదు. దానిని కొనుటయే గాక, యేటేట తపాలా కచేరిలో లైసెన్సు రుసుము కట్టవలసియుండెను. పొరుగింటివారికి మాత్రము పెద్ద వాల్వుల రేడియో యుండెను. ఆదివారము మధ్యాహ్నము వారి వసారాలో వీధిపిల్లలమందఱము చేరువారము. మా నాయనమ్మ గడపయొద్ద చతికిలబడి, కొంగు నోటికడ్డము పెట్టుకొని వినుచుండెడిది. ఆమెకు అక్షరము రాదు.

ఒకనాడు ఆమె, "బిడ్డా, ఆ అక్కయ్యకు ఇన్ని కథలు నోటికెట్ల వచ్చును?" అని నన్నడిగెను. నేను తెలిసినవానివలె, "నోటికి రావు నాయనమ్మా. ముందఱ కాగితము పెట్టుకొని చదువుదురు" అంటిని. ఆమె కొంతతడవు ఊరకుండి, "అట్లయిన నీవును చదువవచ్చును గదా! నీకు అక్షరములు వచ్చును గదా!" అనెను.

ఆ మాటకు నాయొద్ద సమాధానము లేదు. బడిలోని గ్రంథాలయమునుండి "బాల" పాత సంచికల బైండు నొకదానిని తెచ్చి రెండు మూడు సాయంకాలములు చదివితిని. అక్కయ్య గొంతుకయందు నవ్వుచుండిన కథ నా గొంతుకయందు ఎక్కాలపట్టికవలె నుండెను. సందులోని నా యీడువారు విని నవ్విరి. నాకు సిగ్గు పుట్టెను. మఱునాటినుండి పరీక్షలని బొంకి తప్పించుకొనుచు వచ్చితిని. ఆమె రెండవమా ఱడుగలేదు.

ఇంతలో పొరుగింటివారికి బదిలీ యయ్యెను. వారితోపాటు రేడియోయు వెడలిపోయెను. రెండు ఆదివారములు గడచినవి. మూడవనాడు నేను బంతియాట ముగించుకొని యింటికి రాగా, నాయనమ్మ దీపపుగూటి క్రింద కూర్చుండి, ఆ బైండును ఒడిలో పెట్టుకొని, ఒక్కొక్క పుటనే మెల్లగా త్రిప్పుచుండెను. పుస్తకము తలక్రిందుగా నుండెను. ఆమె బొమ్మలను వ్రేలితో తడవుచుండెను. నన్ను చూచి, చేయరాని పని చేసినదానివలె గభాలున మూసివేసెను.

సిగ్గుపడవలసినది ఆమె కాదు. నేను కాళ్లు కడుగుకొని వచ్చి, ఆమె ప్రక్క కూర్చుండి, విడిచిన చోటినుండి చదువ మొదలిడితిని. కొన్ని దినములు తడబడితిని. ఆమె "ఊ" కొట్టుచోట నిలుచుటయు, నవ్వుచోట తొందరపడకుండుటయు క్రమముగా నలవడినవి. వినువారి మొగమును చూచి చదువవలెనన్న నేర్పు నాకు ఏ గురువును చెప్పలేదు. ఆ ముసలి మొగమే చెప్పెను. మొగమే కానరాని వేలమంది కొరకు చదివిన అన్నయ్యకు, అక్కయ్యకు ఆ నేర్పెట్లు కలిగెనో యని నేటికిని వెఱగుపడుచుందును. వారు సైతము తమ యెదుట నెవరో యొక నాయనమ్మను, ఎవరో యొక పిల్లవానిని ఊహించుకొనియే చదివియుందురు.

కామేశ్వరిగారు 1980లోను, రాఘవరావుగారు 1984లోను కీర్తిశేషులైరి. ఈ దినములలో రేడియోకు లైసెన్సు లేదు. కథలు అఱచేతిలోనే వినవచ్చుచున్నవి. అయినను, అక్షరము రానివారును, చూపు మందగించినవారును మన యిండ్లలో లేకపోలేదు. ప్రతి యుదయమును ప్రార్థనాసమయమున మీలో నొకరు లేచి వాక్యపాఠమును బిగ్గరగా చదువుదురు గదా! ఆ కంఠమును బడిగేటు కడనే విడిచిపోకుడు. నేటి సాయంకాలము మీ యింటి గడపయొద్ద కూర్చున్నవారి నడిగి చూడుడు. వారు రెండవమారు అడుగరని మాత్రము జ్ఞాపకముంచుకొనుడు.