గుత్తి కోట... గుక్కెడు నీళ్ల కథ

పారిస్‌కు సెన్ నది, లండన్‌కు థేమ్స్. ఏటి గట్టు పట్టుకుని పొద్దంతా నడిస్తే ఆ ఊళ్లు వాటంతటవే అర్థమవుతాయంటారు. మరి అనంతపురం జిల్లా గుత్తికో? పెన్నమ్మ ఊరివైపు రాకుండా దక్షిణాన పామిడి పక్కగా వెళ్లిపోతుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే కరవు సీమ ఇది. ఇక్కడ దారి చూపేది ఏరు కాదు, కొండ. ఆ కొండ చెప్పేది మాత్రం నీళ్ల కథే!

దుర్గాలకే రాజు

ఎండ ముదరకముందే నడక మొదలుపెట్టాలి. ఊరి పక్కనే మైదానం నుంచి దాదాపు 300 మీటర్ల ఎత్తున నిలబడి ఉంటుంది గుత్తి కోట. గోడలు, బురుజులు, ఒకదాని తర్వాత ఒకటిగా ద్వారాలు... మలుపు తిరిగిన ప్రతిసారీ ఇక పైకి చేరినట్టే అనిపిస్తుంది. అంతలోనే ఇంకో గోడ ఎదురవుతుంది.

పశ్చిమ చాళుక్య రాజు ఆరో విక్రమాదిత్యుడి కాలం నాటి కన్నడ శాసనాలు ఇక్కడి రాళ్ల మీద ఉన్నాయి. విజయనగర రాజు బుక్కరాయల కాలం నాటి శాసనమైతే దీన్ని దుర్గాలకే రాజుగా కొనియాడింది.

దాహం గెలిచింది

పైకి వెళ్లాక కొండ అంచున కనిపించే చిన్న మండపమే 'మురారిరావు గద్దె'. మరాఠా సర్దారు మురారిరావు ఘోర్పడే ఇక్కడ కూర్చుని చదరంగం ఆడేవాడని చెబుతారు. కింద ఊరు, రైలు పట్టాలు, కనుచూపు మేరా మెట్ట చేలు... చూసినంతసేపూ చూడాలనిపిస్తుంది.

ఈయన సామాన్యుడు కాదు. 1751లో ఆర్కాటు ముట్టడిలో చిక్కుకున్న క్లైవుకు అండగా కదిలిన యోధుడు. అలాంటివాడి కోటను హైదర్ అలీ చుట్టుముట్టాడు. ఊరు చేజారినా పైకోట లొంగలేదు. ఫిరంగులు చేయలేని పని దాహం చేసింది. వాన నీటిని ఒడిసిపట్టడానికి కొండ మీద తొలిచిన బావులు అడుగంటాయి. సంధి మాటలు నడుస్తుండగా, పైన నీళ్లు మూడు రోజులకు మించి రావన్న గుట్టు కోట నుంచి వచ్చిన కుర్రవాడి నోటే బయటపడిందని ఒక కథనం. 1776లో కోట హైదర్ వశమైంది. మురారిరావు కబ్బాళదుర్గంలో బందీగానే కన్నుమూశాడు.

ఆ బావుల దగ్గర ఆగకుండా ముందుకు వెళ్లొద్దు. గుత్తిలో చూడాల్సిన అసలైన చోటు అదే.

మన్రోను దాచిన నేల

దిగి వచ్చాక కొండ కింద ఇంగ్లిషువాళ్ల శ్మశానం ఉంది. 1800లో నిజాం వదులుకున్న దత్తమండలాలకు తొలి కలెక్టరుగా వచ్చి, రైతువారీ పద్ధతిని నిలబెట్టిన థామస్ మన్రోను మొదట ఖననం చేసింది ఇక్కడే. మద్రాసు గవర్నరు హోదాలో పర్యటిస్తూ 1827 జులై 6న పత్తికొండలో కలరాతో మరణించారాయన. 1831లో అస్థికలను మద్రాసు సెయింట్ మేరీస్ చర్చికి తరలించారు. సీమలో బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్న తరం ఒకటుంది.

సాయంత్రానికి బజారులో టీ తాగుతూ తలెత్తితే మళ్లీ కొండే కనిపిస్తుంది. అన్ని గోడలు, అన్ని ద్వారాలు ఉన్న కోట గుక్కెడు నీళ్ల దగ్గర ఓడిపోయిందన్న సంగతి, బోరు ఎండిన రైతుకు విడమరిచి చెప్పక్కర్లేదు.

ఎలా వెళ్లాలి?

హైదరాబాద్-బెంగళూరు జాతీయ రహదారిపై అనంతపురానికి సుమారు 50 కిలోమీటర్ల దూరంలో ఉంది గుత్తి. రైల్వే జంక్షన్ కూడా ఉంది. శీతాకాలమైతే నడక హాయిగా సాగుతుంది. తినడానికి ఏమైనా పట్టుకెళ్లండి. నీళ్లు మాత్రం మరవొద్దు... మురారిరావు అనుభవం ఉందిగా!