ఆగస్టులోనే చలికాలం

2024 ఫిబ్రవరిలో ఒక ఎండపూట తేనెపెట్టె మూత తీశాను. మధ్య చట్రం మీద గుప్పెడు ఈగలు ఒకదాన్నొకటి కరుచుకుని చచ్చిపడి ఉన్నాయి. వాటి నడుమే రాణి. పై పెట్టెలో మాత్రం చట్రాల నిండా తేనె, చుక్క ముట్టలేదు. మిన్నెసోటాలో ఆ ఏడు చలి కూడా పెద్దగా లేదు. నా ఈగలు ఆకలితోనూ చావలేదు, చలితోనూ చావలేదు. వాటిని తిన్నది వరోవా, ఆవగింజంత ఎర్ర పురుగు.

తప్పు నాదే. వేసవిలో పుట్టిన ఈగ బతికేది ఆరు వారాలు. ఆగస్టు చివర, సెప్టెంబరులో పుట్టేవి అలా కాదు, ఒంట్లో కొవ్వు దాచుకుని ఐదారు నెలలు బతుకుతాయి. వసంతం దాకా కుటుంబాన్ని లాక్కొచ్చేది అవే. ఆ కొవ్వునే వరోవా తినేస్తుంది. నేను అక్టోబరులో మందు పెట్టాను. పురుగులు చచ్చాయి గానీ, ఈగలు అప్పటికే గుల్లయిపోయాయి.

రాణి ఎంత మంచిదైతే ఈ గండం అంత పెద్దది. రోజుకు పదిహేను వందల గుడ్లు పెట్టే రాణి ఉంటే, మూతపడ్డ ఆ పిల్లగదుల్లోనే వరోవా కూడా పిల్లల్ని కంటుంది. ఆ వసంతంలో తెచ్చుకున్న కొత్త రాణి అలాంటిదే. 2024లో పుట్టింది కాబట్టి వీపు మీద ఆకుపచ్చ చుక్క. జులైలో చట్రం ఈ కొస నుంచి ఆ కొసకు బిస్కెట్ రంగు మూతలే. సంతోషంతో పాటు భయమూ వేసింది.

ఆగస్టు రెండో వారంలో ముందు రాణిని వెతికి, ఆ చట్రాన్ని పక్కన పెట్టాను. ఇంకో చట్రం నుంచి అరకప్పు ఈగల్ని, అంటే సుమారు 300, జాలీ మూత సీసాలోకి దులిపాను. పంచదార పొడి వేసి దొర్లించి, తెల్ల పళ్లెంలోకి జల్లించాను. ఈగలు తెల్లగా, కోపంగా ఇంటికెళ్లిపోయాయి. పళ్లెంలో నీళ్లు చిలకరిస్తే పొడి కరిగి పురుగులు మిగిలాయి. పదమూడు. ఇక్కడ వందకు మూడు దాటితే ఆగకూడదంటారు.

వరోవాకు మందుగా పెట్టే ఫార్మిక్ ఆమ్లం పట్టీల ఆవిరి మూతపడ్డ గదుల్లోకి కూడా వెళ్తుంది. కానీ ఎండ ముదిరితే రాణి ప్రాణానికే ముప్పు. చల్లబడే వారం కోసం కాచుకుని పెట్టాను. తీసేశాక చూస్తే రాణి కనబడలేదు. ఎండకు వీపు పెట్టి, చట్రాన్ని వంచి, ఒక్కో గది అడుగూ చూశాను. సన్న నూకంత తెల్ల గుడ్డు, నిటారుగా. మూడో రోజుకు గుడ్డు ఒరిగిపోతుంది. నిలబడి ఉందంటే రాణి నిన్నో ఇవాళో అక్కడ తిరిగిందన్నమాట. గడ్డిలో అలాగే కూర్చుండిపోయాను.

సెప్టెంబరంతా రోడ్ల పక్కన గోల్డెన్‌రాడ్ పసుపుపచ్చగా పూసింది. ఆ తేనె చిక్కబడుతుంటే పెట్టె చుట్టూ ఆరని మేజోళ్ల వాసన. ఆ వాసన ఇప్పుడు నాకిష్టం. “అంత తేనె ఉంటే ఒక్క సీసా కూడా తీయలేదా?” అని అమ్మ ఫోన్లో అడిగింది. ఇక్కడి చలికాలానికి ఒక పెట్టెకు దాదాపు 40 కిలోలు కావాలమ్మా అన్నాను. తరుగు పడినంతా రెండు పాళ్ల పంచదార, ఒక పాలు నీళ్ల పాకం పెట్టాను. మనవైపు పెట్టెలు పెంచేవాళ్లు వానాకాలంలో పూలు లేనప్పుడు పెడతారే, అలాగే. కాకపోతే ఇక్కడ చలి ముదరకముందే అయిపోవాలి, తర్వాత ఈగలు పాకం ముట్టవు. రాణిని కింద ఆపే జాలీ తీసేశాను. చలిలో ఈగల గుత్తి తేనె వెంట పైకి పాకుతుంటే, జాలీ ఉంటే రాణి ఒక్కతే కింద మిగిలిపోతుంది. ఎలుకలు దూరకుండా గుమ్మం కుదించాను.

అక్టోబరు మొదట్లో పెట్టె వెనక అంచు పట్టి లేపాను. కదల్లేదు. కానీ నిరుడూ పెట్టె బరువుగానే ఉంది. మళ్లీ అరకప్పు ఈగలు, మళ్లీ పంచదార పొడి, మళ్లీ తెల్ల పళ్లెం. కళ్లజోడు తుడుచుకుని రెండుసార్లు లెక్కపెట్టాను. ఒకటి. మూత పెట్టేశాను.